15 బార్ మెషీన్ కొనేముందు: ఇంట్లో మంచి కాఫీకి ఈజీ సెటప్ ఏది?

పండగ సేల్ మొదలైందంటే నా వాట్సాప్‌లో లింకులు మొదలవుతాయి. ఇదివరకు అన్నీ ఫోన్లు, ఇయర్‌బడ్స్‌వే. ఈమధ్య వాటి మధ్యలో కాఫీ మెషీన్లు కూడా కనిపిస్తున్నాయి. "బ్రో, 15 బార్ ప్రెషర్ అంట, ఎనిమిది వేలకే వస్తోంది, తీసుకోమంటావా?" అని. నేను తిరిగి అడిగేవి రెండే ప్రశ్నలు. నువ్వు కాఫీ పాలతో తాగుతావా, పాలు లేకుండానా? తాగాక ఆ సామాను ఎవరు కడుగుతారు?

ఈ రెండింటికీ జవాబు తెలిస్తే ఏం కొనాలో చాలావరకు తేలిపోతుంది. బాక్స్ మీద నంబర్లతో మాత్రం తేలదు. ఎందుకో చూద్దాం.

బార్ నంబర్ కూడా మెగాపిక్సెల్ లాంటిదే

మెగాపిక్సెల్స్ ఒక్కటే చూసి ఫోన్ కొనకూడదని మనందరికీ తెలుసు. సెన్సర్ సైజు, లెన్సు, ప్రాసెసింగ్ అన్నీ చూస్తాం. ఎస్ప్రెస్సో మెషీన్‌లో బార్ నంబర్ కూడా అంతే. ఎస్ప్రెస్సోకి మామూలుగా కావాల్సిన ప్రెషర్ 9 బార్ల దగ్గర ఉంటుంది. బాక్స్ మీద రాసే 15, 20 అనేవి పంపు ఇవ్వగలిగే గరిష్ఠం. ఎక్కువ ఉంటే కాఫీ ఎక్కువ బాగుంటుందని కాదు.

అసలు కష్టం వేరే చోట ఉంది. ఆ ప్రెషర్‌తో వచ్చే నీళ్లని 25–30 సెకన్ల పాటు ఆపగలిగేంత మెత్తగా, అంతా ఒకే సైజులో పొడి ఉండాలి. అలా పొడి చేసే గ్రైండర్‌కి చాలాసార్లు బడ్జెట్ మెషీన్ కంటే ఎక్కువ పెట్టాల్సి వస్తుంది. అందుకే చవక మెషీన్లలో ప్రెషరైజ్డ్ బాస్కెట్ ఇస్తారు. దాని అడుగున రెండు పొరలుంటాయి, బయటి పొరకి ఒకే ఒక్క సన్నటి రంధ్రం. పొడి ఎలాంటిదైనా సరే, కాఫీ ఆ రంధ్రంలోంచి దూసుకొచ్చేటప్పుడు నురగ వస్తుంది. చూడ్డానికి క్రీమాలాగే ఉంటుంది. పోర్ట్రెయిట్ మోడ్‌లో బ్లర్ లాంటిదన్నమాట: ఫొటోలో కనిపిస్తుంది గానీ లెన్సు చేసింది కాదు.

పైగా వాడిన ప్రతిసారీ బాస్కెట్ కడగాలి, పాల ఆవిరి గొట్టం తుడవాలి, అప్పుడప్పుడూ లోపల పేరుకున్న సున్నం వదిలించాలి. ఇష్టంగా చేసేవాళ్లకి అదో హాబీ, నేను కాదనను. ఉదయం తొమ్మిదికి స్టాండప్ మీటింగ్ ఉన్నవాడికి ఇది ఈజీ సెటప్ కాదు.

కప్పులో జరిగేది ఏంటి?

కాఫీ పెట్టడం అంటే పొడిలోంచి కొంత నీళ్లలోకి కరిగించడం. పొడి బరువులో దాదాపు 30 శాతం వరకు కరగగలదు, కానీ అంతా కరిగితే తాగలేం. 18 నుంచి 22 శాతం మధ్య కరిగితే రుచి బాగుంటుందని 1950ల నుంచీ ఒక లెక్క చెప్తూ వస్తున్నారు. ముందు పులుపు దిగుతుంది, తర్వాత తీపి, చివర్లో చేదూ వగరూ. తక్కువ దిగితే కాఫీ పల్చగా పుల్లగా ఉంటుంది. ఎక్కువ దిగితే నాలుక ఎండిపోయేంత చేదు.

దీన్ని కంట్రోల్ చేసే సెట్టింగ్స్ నాలుగే: పొడి సైజు, నీటి వేడి, సమయం, పొడికీ నీళ్లకీ నిష్పత్తి. మీరు ఏ పరికరం కొన్నా తిప్పాల్సింది ఈ నాలుగింటినే. వీటిలో పొడి సైజు మీద అందరికీ చిన్నచూపు. ఇంట్లో మిక్సీ జార్‌లో గింజలు వేసి తిప్పితే బ్లేడు వాటిని నరుకుతుంది. కొంత పిండిలా అవుతుంది, కొంత రవ్వలా మిగులుతుంది. పిండిలోంచి చేదు దిగేస్తుంది, రవ్వలోంచి ఇంకా పులుపే వస్తుంటుంది. ఒకే గుటకలో చేదూ పులుపూ రెండూ తగిలాయంటే కారణం చాలాసార్లు ఇదే. బర్ గ్రైండర్ అలా నరకదు. రెండు పళ్ల చక్రాల మధ్య గింజని నలుపుతుంది, ఆ చక్రాల మధ్య ఖాళీని మనమే సెట్ చేసుకోవచ్చు. చేత్తో తిప్పే బర్ గ్రైండర్లు రెండు మూడు వేల నుంచి దొరుకుతున్నాయి. నా లెక్కలో ఎనిమిది వేల మెషీన్ కంటే ఇది పెద్ద అప్‌గ్రేడ్.

గ్రైండర్ వద్దనుకుంటే వీధి చివర కాఫీ పొడి షాపు ఉంది కదా. మన ఊళ్లలో ఇంకా చాలా చోట్ల గింజలు కళ్లముందే వేయించి ఆడిస్తారు. దేనికి వాడతారో చెప్పి వారానికి సరిపడా, ఓ 100 గ్రాములు ఆడించుకోండి. అరకిలో తెచ్చి డబ్బాలో పోసి నెలన్నర వాడితే మాత్రం ఆ షాపుకి వెళ్లి లాభం లేదు. ఆడించిన పొడి వాసన రోజుల్లోనే తగ్గిపోతుంది.

లేబుల్ చదవడం

ఫోన్ కొనేటప్పుడు చిప్‌సెట్ చూస్తాం కదా, కాఫీ ప్యాకెట్ మీద అలా చూడాల్సింది చికోరి శాతం. మన దేశంలో కాఫీ–చికోరి మిశ్రమంలో కనీసం 51 శాతం కాఫీ ఉండాలన్నది రూల్, శాతాలు ప్యాకెట్ మీద రాయాలి. అంటే దాదాపు సగం చికోరి ఉన్నా రూల్ ప్రకారం ఓకేనే. ఫాంట్ ఎంత చిన్నగా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. చికోరి కాఫీ కాదు, ఒక మొక్క వేరు. దాన్ని వేయించి కలుపుతారు. అందులో కెఫీన్ ఉండదు, డికాషన్‌కి రంగు, చిక్కదనం ఇస్తుంది. అదేం కల్తీ కాదు, చాలామందికి ఆ రుచే ఇష్టం. కాకపోతే దేనికి డబ్బు కడుతున్నామో తెలియాలి.

గింజల్లో అరబికా, రోబస్టా అని రెండు ప్రధాన రకాలు. రోబస్టాలో కెఫీన్ దాదాపు రెట్టింపు, చేదూ ఎక్కువ. అరబికాలో పులుపు, సువాసన ఎక్కువ. మన అరకు కాఫీ అరబికానే. 'అరకు వ్యాలీ అరబికా'కి 2019లో జీఐ గుర్తింపు వచ్చింది. గిరిజన రైతులు మిరియాల తీగలు పాకిన చెట్ల నీడలో పండించే ఈ గింజ ప్యారిస్ షాపులో అమ్ముడవుతుంటే, హైదరాబాద్‌లో మనం ఎప్పుడు వేయించారో కూడా తెలియని ఇంపోర్టెడ్ ప్యాకెట్ కొనడం నాకు వింతగా ఉంటుంది. ప్యాకెట్ మీద ఎక్స్‌పైరీ కంటే ముందు రోస్ట్ డేట్ వెతకండి. అది రాయని ప్యాకెట్ నేను కొనను.

ఇప్పుడు పరికరం

పాలు లేకుండా తాగేవాళ్లకి నా మొదటి ఓటు ఫ్రెంచ్ ప్రెస్‌కి. వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది, కరెంటు అక్కర్లేదు, పేపర్ ఫిల్టర్లు అయిపోతాయన్న బెంగ లేదు. 15 గ్రాముల రవ్వలాంటి పొడి, 250 మి.లీ. వేడి నీళ్లు. మరిగాక అర నిమిషం ఆగి పోయండి. నాలుగు నిమిషాల తర్వాత పైన తేలిన పొరని స్పూన్‌తో కలిపి, నురగ తీసేసి, ఇంకో నాలుగు నిమిషాలు వదిలేయండి. పిప్పి దానంతటదే అడుక్కి దిగుతుంది. ప్లంజర్‌ని అడుగుదాకా నొక్కొద్దు, పైన ఆనించి వంపుకుంటే చాలు. గడ్డ రాదు. ఆ ఎనిమిది నిమిషాల్లో స్నానం కూడా అయిపోతుంది.

ఇందులో ఒక ఇబ్బంది ఉంది. మెటల్ జల్లెడ కాఫీలోని నూనెల్ని ఆపదు. వాటిలో ఉండే కాఫెస్టాల్ రక్తంలో ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్‌ని పెంచుతుంది. పేపర్ ఫిల్టర్ వాటిలో చాలావరకు పట్టేస్తుంది. కొలెస్ట్రాల్ ఎక్కువుండి రోజుకి నాలుగైదు కప్పులు తాగేవాళ్లు ఇంట్లో ఉంటే పేపర్‌తో చేసే పద్ధతికి వెళ్లడం మంచిది. ఆ పేపర్ ఐడియా 1908లో జర్మనీలో మెలిట్టా బెంట్స్ అనే గృహిణిది. కొడుకు నోట్‌బుక్‌లోని బ్లాటింగ్ పేపర్‌తో మొదలుపెట్టింది. నేటి వీ60 లాంటి పోర్ ఓవర్ కోన్లన్నీ ఆ దారిలోవే. వాటితో కాఫీ చాలా శుభ్రంగా వస్తుంది, కానీ నీళ్లు పోసే చెయ్యి కుదరాలి. ఈజీ కావాలన్నవాళ్లకి నేను చెప్పను.

ఏరోప్రెస్ 2005లో వచ్చింది. చేసిన అలన్ ఆడ్లర్ అంతకుముందు ఏరోబీ అనే ఎగిరే రింగ్ బొమ్మతో పేరు తెచ్చుకున్న ఇంజినీర్. రెండు నిమిషాల్లో కాఫీ, పది సెకన్లలో క్లీనింగ్, ప్రయాణాల్లో బ్యాగులో పడేసుకోవచ్చు. ఒక్క కప్పే వస్తుంది, ధర ఫ్రెంచ్ ప్రెస్‌కి కొన్ని రెట్లు. పీజీలో ఒంటరిగా ఉండి, డబ్బు పర్లేదనుకుంటే ఇదే తీసుకోండి. ఇక మోకా పాట్. 1933 నాటి ఇటాలియన్ డిజైన్, అల్యూమినియంది అయితే ఇండక్షన్ స్టవ్ మీద పనిచేయదు. కొనేముందు మీ వంటగదిలో ఏ స్టవ్ ఉందో చూసుకోండి.

పాలతో తాగేవాళ్లు ఇవేవీ కొనక్కర్లేదు. మన స్టీలు ఫిల్టర్ చాలు. అటకమీద ఒకటి ఉండే ఉంటుంది.

మా ఇంట్లో ఇది ఎలా పనికొచ్చిందంటే

మా నాన్నకి షుగర్ అని తేలాక డాక్టర్ చక్కెర మానేయమన్నారు. ఆయనకి రోజుకి రెండు గ్లాసుల ఫిల్టర్ కాఫీ, గ్లాసుకి రెండు చెంచాల చక్కెర. చక్కెర తీసేసి ఇస్తే, "కాఫీ ఇమ్మంటే కషాయం ఇస్తారేంట్రా" అని పక్కన పెట్టేసేవారు. రిటైరయ్యాక ఆయనకి మిగిలిన సరదా అదొక్కటే. అది కూడా లాక్కున్నట్టు ఉండేది మాకు. మెషీన్ కొందామా అని ఇంట్లో మాట వచ్చింది. ఉదయం ఐదున్నరకి లేచి కాఫీ పెట్టేది అమ్మ. పాల గొట్టాలు తుడిచే పని కూడా ఆమె మీదే పడుతుందని నాకు తెలుసు. అందుకే ఉన్న ఫిల్టర్‌తోనే డీబగ్గింగ్ మొదలుపెట్టాను, వారానికి ఒక్క వేరియబుల్ మాత్రమే మారుస్తూ.

మొదటి వారం, డికాషన్‌ని పాలల్లో పోసి మళ్లీ మరిగించడం ఆపించాం. డికాషన్ మరిగితే వాసన ఆవిరైపోతుంది, చేదు మిగులుతుంది. పాలు విడిగా కాచి, గ్లాసులో కలపడమే. రెండో వారం పొడి మార్చాం. వాడుతున్నది 60:40 మిశ్రమం. వేయించిన చికోరికి తనదైన చేదు ఉంది, చక్కెర ఉన్నన్నాళ్లూ అది కనపడలేదు. చికోరి లేకుండా ఇస్తే "నీళ్లలా ఉంది" అన్నారు. చివరికి 90:10 దగ్గర రాజీ కుదిరింది. గింజలు నల్లగా మాడేదాకా కాకుండా మీడియం రోస్ట్ అరబికా. చికోరి తగ్గితే నీళ్లు ఫిల్టర్‌లోంచి త్వరగా జారిపోతాయి, కాబట్టి షాపులో పొడిని కొంచెం మెత్తగా ఆడించమన్నాం.

మూడో వారం కొలతలు. 20 గ్రాముల పొడికి 100 మి.లీ. నీళ్లు. పొడి తన బరువుకి రెట్టింపు నీళ్లు పట్టుకుంటుంది, అంటే 40 మి.లీ. అందులోనే ఉండిపోయి 60 మి.లీ. డికాషన్ దిగుతుంది. రెండు గ్లాసులకి సరిపోతుంది. లోపలి బిళ్లని పొడి మీద ఆనించి వదిలేయాలి, గట్టిగా అదిమితే గంటైనా చుక్క దిగదు. ముందు కొద్దిగా నీళ్లు పోసి అర నిమిషం ఆగితే తాజా పొడిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్ బుడగలుగా పోతుంది, ఆ తర్వాత మిగతా నీళ్లు సమంగా తడుపుతాయి. పది పదిహేను నిమిషాల్లో దిగితే సైజు కరెక్ట్. ఐదు నిమిషాల్లోనే దిగిపోతే ఇంకా మెత్తగా కావాలి.

చక్కెర రెండు చెంచాల నుంచి అర చెంచాకి వచ్చి ఆగింది. ఆ అర చెంచా కూడా తీసేద్దామంటే ఒప్పుకోవడం లేదు, బేరం నడుస్తోంది. పాలలో కూడా సహజంగా చక్కెర ఉంటుంది కాబట్టి మీ ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉంటే ఎన్ని కప్పులన్నది డాక్టర్‌నే అడగండి. కాఫీ రుచి వరకే నా మాట.

డబ్బు దేనికి ముందు పెట్టాలి?

ముందు తాజా పొడికి. తర్వాత 0.1 గ్రాము చూపించే చిన్న త్రాసుకి, ఐదారొందలు. చెంచా కొలత నమ్మొద్దు, ఒకే చెంచాలో పట్టే పొడి బరువు రోస్ట్‌ని బట్టి, గ్రైండ్‌ని బట్టి మారిపోతుంది. నిన్న బాగా వచ్చిన కాఫీ ఇవాళ ఎందుకు రాలేదో త్రాసు లేకపోతే మీకెప్పటికీ తెలియదు. ఆ తర్వాత హ్యాండ్ గ్రైండర్. ఇవన్నీ అయ్యాక ఇంకా మనసు లాగితే అప్పుడు మెషీన్ గురించి మాట్లాడుకుందాం.

నీళ్ల సంగతి ఒకటి చెప్పాలి. కాఫీకి టీడీఎస్ 150 దగ్గర ఉంటే మంచిదంటారు. మన ఆర్‌ఓ ఫిల్టర్లు చాలాసార్లు దాన్ని బాగా కిందికి దించేస్తాయి, అప్పుడు కాఫీ చప్పగా ఉంటుంది. బోరు నీళ్లయితే ఉల్టా, ఖనిజాలు ఎక్కువై రుచిని అణిచేస్తాయి, కెటిల్ నిండా తెల్ల పొర. మీ ఆర్‌ఓలో టీడీఎస్ అడ్జస్ట్‌మెంట్ ఉంటే సర్వీస్‌కి వచ్చినప్పుడు చెక్ చేయించండి.

అటక మీంచి దించిన ఫిల్టర్ మొదటిరోజు చుక్క కూడా వదలకపోతే కంగారుపడి కొత్తది ఆర్డర్ పెట్టకండి. పాత పొడి ఎండి రంధ్రాలు మూసుకుపోయి ఉంటుంది. స్టీలు లేదా ఇత్తడిదైతే పై గిన్నెని పట్టకారుతో పట్టుకుని, అడుగు భాగాన్ని గ్యాస్ మంట మీద అర నిమిషం ఉంచితే అడ్డుపడ్డ పొడి కాలి రాలిపోతుంది. పూర్తిగా చల్లారాక బ్రష్‌తో రుద్ది, లైటుకి ఎదురుగా పట్టుకుని చూడండి. రంధ్రాలన్నీ కనిపిస్తే రెడీ.