విద్యాఋణం – సైనిక సేవ

మన పూర్వులు మానవునికి దేవ, ఋషి, పితృ ఋణాలు మూడున్నాయని చెప్పారు. నేటి విద్యార్థికి బ్యాంకు ఋణం నాలుగవది. వాయిదా తేదీ ఉన్నది దీనికొక్కదానికే!

తుర్కపల్లిలోని జీనోమ్ వ్యాలీలో ఉద్యోగం చేస్తూ, బ్యాంకు ఋణంతో పైచదువు చదివే యువకుడొకడు టెరిటోరియల్ ఆర్మీలో చేరాడనుకొందాం. 1949లో ప్రారంభమైన ఈ ప్రాదేశిక సేనలో పౌరులు తమ వృత్తిని విడువకుండానే సైనిక శిక్షణ పొందుతారు; అవసరమైనప్పుడు విధులకు తరలివెళతారు. 2025 మే నెలలో, పాకిస్థాన్‌తో ఉద్రిక్తతలు పెరిగిన వేళ, వీరిని పిలిచే అధికారాన్ని కేంద్ర ప్రభుత్వం సైన్యాధిపతికి ఇచ్చింది. అటువంటి పిలుపు వస్తే ఆ యువకుడు పరీక్షలు వ్రాయలేడు. చదువు ఏడాది వెనుకబడుతుంది. మరి ఋణం ఆగుతుందా?

ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ రూపొందించిన నమూనా విద్యాఋణ పథకం ప్రకారం చదువు సాగినంత కాలమూ, ఆపైన ఒక ఏడాదీ వాయిదాలు చెల్లించనక్కరలేదు. వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. విద్యార్థి చేతిలో లేని కారణాల వలన చదువు ఆలస్యమైతే గడువు పొడిగించవచ్చును. కాని అది ఋణం మంజూరు చేసిన అధికారి విచక్షణకు లోబడినది.

అమెరికాలో పద్ధతి వేరు. యుద్ధసేవకు వెళ్లిన రిజర్వు సైనికులు విద్యాఋణం విషయంలో నష్టపోకుండా నిబంధనలు సడలించే అధికారాన్ని 2003 నాటి హీరోస్ చట్టం అక్కడి విద్యామంత్రికి ఇచ్చింది. ఫెడరల్ ఋణం తీసుకొన్నవారికి అటువంటి సేవాకాలమంతా, విడుదలైన పిమ్మట 180 రోజుల వరకూ, వాయిదాల నుండి విరామం లభిస్తుంది. అక్కడ హక్కు అయినది ఇక్కడ అనుగ్రహంగా మిగలడం సమంజసం కాదు. అంతవరకూ, పిలుపు అందిన నాడే ఉత్తర్వు నకలును కళాశాలకూ, బ్యాంకుకూ సమర్పించి, పొడిగింపును వ్రాతపూర్వకంగా కోరడమే మార్గం.