మాలిమి

పాఠ్యభాగ నేపథ్యం

పెంపుడు జంతువు అనగానే పిలిస్తే పరుగెత్తుకొని వచ్చే కుక్క, ఒడిలో చేరి కునుకు తీసే పిల్లి గుర్తుకు వస్తాయి. చేరదీసిన చేతినే కొరికే జంతువును పెంపుడు జంతువు అనడానికి మనస్సు ఒప్పుకోదు. అటువంటి ఒక చిన్న ప్రాణితో సహజీవనం ఎలా సాధ్యమో వివరించడం, మూగజీవుల ప్రవర్తనను శాస్త్రదృష్టితోను, దయాదృష్టితోను పరిశీలించే అలవాటును విద్యార్థులలో కలిగించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

ఇంటర్మీడియెట్ చదువుతున్న ఒక బాలిక ముచ్చటపడి ఒక గినీపందిని ఇంటికి తెచ్చుకొన్నది అనుకోండి. తెలుపు, గోధుమ రంగుల మచ్చలు, గుండ్రని ఒళ్ళు, పూసలవంటి నల్లని కళ్ళు, పైకి కనిపించని తోక. చూసినవారందరూ ముద్దుపడ్డారు. మూడవనాడు దానిని పైకి ఎత్తబోతే చూపుడువేలు చిట్లి నెత్తురు వచ్చింది. వారం గడిచేసరికి గూడు శుభ్రం చేయడానికి చేయి పెట్టినా పళ్ళు పటపట కొరుకుతూ మీదికి వచ్చింది.

"ఇది మాలిమి అయ్యే రకం కాదే తల్లీ, ఎవరికైనా ఇచ్చెయ్యి" అన్నది అమ్మమ్మ. "వీధి చివరి తోటలో వదిలేద్దాం అక్కా, దాని దారిన అది పోతుంది" అన్నాడు తమ్ముడు. బాలిక వారిద్దరికీ సమాధానం చెప్పలేదు. ఆమెను వేధిస్తున్న ప్రశ్న వేరు. తిండి పెట్టే చేతిని అది ఎందుకు కరుస్తున్నది?

ఈ ప్రశ్నకు సమాధానం ఆ ప్రాణి పుట్టుపూర్వోత్తరాలలో ఉన్నది. గినీపంది పంది కాదు; గినీ దేశానికి చెందినదీ కాదు. ఎలుక, ఉడుత, ముళ్ళపందుల వలె కొరికి తినే జంతువుల వర్గానికి చెందినది. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతప్రాంతం దీని పుట్టినిల్లు. అక్కడి ప్రజలు కొన్ని వేల సంవత్సరాల క్రితమే దీనిని మచ్చిక చేశారు. పెరూ మొదలైన దేశాలలో దీనిని 'కుయ్' అంటారు. మన పల్లెలలో పెరటికోళ్ళను పెంచినట్లుగా అక్కడ వీటిని ఇంటివద్ద పెంచి ఆహారంగా వాడుకొంటారు. 16వ శతాబ్దంలో ఇది ఓడలెక్కి ఐరోపా చేరింది. 1758లో లిన్నేయస్ అనే శాస్త్రవేత్త దీని శాస్త్రీయ నామంలో 'చిన్న పంది' అనే అర్థమిచ్చే లాటిన్ పదాన్ని చేర్చాడు. తరువాతి కాలంలో అది ప్రయోగశాలలలో అడుగుపెట్టింది. 1882లో రాబర్ట్ కోచ్ క్షయవ్యాధి కారకమైన సూక్ష్మజీవిని లోకానికి వెల్లడించినప్పుడు ఆయన పరిశోధనకు గినీపందులు ఆధారమయ్యాయి. 1907లో నార్వే దేశానికి చెందిన హోల్స్ట్, ఫ్రోలిక్ అనే పరిశోధకులు కేవలం ధాన్యాలతో పెంచిన గినీపందులకు స్కర్వీ వ్యాధి రావడాన్ని గమనించారు. మానవుని వలెనే దీని శరీరం కూడా 'సి' విటమినును స్వయంగా తయారుచేసికోలేదని ఆ తరువాత తేలింది. ఈ విధంగా ఎన్నో మానవప్రాణాలు నిలవడానికి తోడ్పడిన ఈ జీవి మానవుని చేతిని చూసి నేటికీ బెదురుతూనే ఉన్నది.

ఆ బెదురుకు కారణం కలదు. గినీపందికి కొమ్ములు లేవు, వాడియైన గోళ్ళు లేవు. గడ్డిమైదానాలలో బతికిన దీని పూర్వజీవులకు పైనుండి గద్దల వలన, నేలమీద నక్కల వంటి మృగాల వలన ప్రాణాపాయం ఉండేది. కనుకనే కళ్ళు తలకు రెండు ప్రక్కలా అమరి ఉంటాయి. చిన్న అలికిడికి చెవులు నిక్కుతాయి. శత్రుభయం కలిగినప్పుడు అది చేయగలిగినవి రెండే పనులు. ఉన్నచోటనే కదలక మెదలక శిలవలె నిలిచిపోవడం, లేదా పొదలలోకి పరుగుతీయడం. బాలిక చేయి ప్రేమతోనే పంజరంలోకి దిగింది. కాని పైనుండి దిగే ఆ చేయి దాని కంటికి గద్దగానే కనిపించింది. శిలవలె నిలిచినా చేయి ఆగలేదు. పరుగెత్తడానికి పంజరంలో చోటు లేదు. గదిలో పెట్టి కొడితే పిల్లి అయినా పులి అవుతుందన్నది తెలుగువారి అనుభవం. దారులన్నీ మూసుకొనిపోయిన భయానికి మరొక పేరే ఆ కాటు.

కాటుకు ముందు ఆ ప్రాణి తన మాట చెప్పకపోలేదు. గినీపందికి తనదైన భాష ఉన్నది. ఆకలివేసినప్పుడు, ఆకుకూర వాసన సోకినప్పుడు ఈలవేసినట్లు గట్టిగా కూస్తుంది. సంతోషం కలిగితే పేలాల మూకుడులో గింజవలె ఉన్నపళంగా ఎగిరిపడుతుంది. మగది గొంతులో గురగుర శబ్దం చేస్తూ నడుము ఊపి నడిస్తే తన పెద్దరికం చాటుకొంటున్నదనో, ఆడదానిని ఆకర్షిస్తున్నదనో అర్థం. తల ఎగురవేసి చేతిని నెట్టివేస్తే 'ఇక చాలు' అని హెచ్చరిక. మెడమీది వెంట్రుకలు నిక్కబొడుచుకొని పళ్ళు పటపట కొరికితే అది కోపానికి పరాకాష్ఠ. ఈ హెచ్చరికలను గుర్తించనివారు కాటును 'హఠాత్తుగా జరిగినది' అంటారు. అన్ని కొరుకుళ్ళూ కోపంతో కొరికినవి కావు. క్యారట్ వాసన పట్టిన వేలిని తిండి అని భ్రమించి కొరకవచ్చు. ఒడిలో ఎక్కువసేపు ఉంచినప్పుడు మూత్రవిసర్జనకు దింపమని మెల్లగా పంటితో నొక్కవచ్చు.

కాటు తరువాత మనుషులు సాధారణంగా రెండు పొరపాట్లు చేస్తారు. కొందరు ఉలిక్కిపడి దానిని వెంటనే గూటిలో పడవేస్తారు. 'కొరికితే వదిలిపెడతారు' అనే పాఠాన్ని అది అప్పుడే నేర్చుకొంటుంది. మరికొందరు తలమీద ఒకటి వేస్తారు. 'ఈ చేయి నిజంగానే శత్రువు' అనే నమ్మకం దానికి స్థిరపడుతుంది. ఈ రెంటికీ నడుమ ఒక మార్గం ఉన్నది. అరవకుండా, కొట్టకుండా, అది కుదుటపడేవరకు స్థిరంగా పట్టుకొని ఆ తరువాతనే నెమ్మదిగా దింపాలి. గాయపడిన చోటును సబ్బుతో పారే నీటిలో కడిగి వైద్యుణ్ణి సంప్రదించాలి.

మొండితనంగా కనిపించేది ఒక్కొక్కప్పుడు నొప్పి కావచ్చు. చర్మంలో దాగిన గజ్జిపురుగుల వలన విపరీతమైన దురద పుట్టి, ముట్టుకొంటేనే బాధ కలిగే స్థితిలో ఉన్న గినీపంది తప్పక కరుస్తుంది. దీని పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. ఎండుగడ్డి నమిలి అరిగించుకోకపోతే అవి వంకరపోయి నోటిని గాయపరుస్తాయి. 'సి' విటమిను లోపిస్తే కీళ్ళు వాచి నొప్పి పెడతాయి. కాబట్టి మచ్చిక చేయడానికి ముందు జబ్బు లేదని నిర్ధారించుకోవాలి. మనుషుల మందులు తోచినట్లు వాడటం ప్రమాదం. పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా ఇస్తే దీనికి ప్రాణాంతకం కాగలవు. పూట గడిచినా మేత ముట్టకపోతే ఆలస్యం చేయక పశువైద్యుని వద్దకు తీసుకొనిపోవాలి. తెలుగునాట వేసవి దీనికి మరొక పరీక్ష. చల్లని కొండప్రాంతాల జీవి కావడం వలన ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటితేనే వడదెబ్బకు లోనయ్యే అవకాశం ఉన్నది. ఎండవేళల్లో గూటిని ఇంటిలోని చల్లని మూలకు మార్చాలి.

ఒంటరితనం మరొక ముఖ్యకారణం. గినీపంది గుంపులో బతికే జీవి. జర్మనీలోని మ్యూన్‌స్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన నార్బర్ట్ సాక్సర్, ఆయన సహచరులు వీటి సాంఘిక జీవనాన్ని అనేక సంవత్సరాలు పరిశీలించారు. పెద్ద గుంపులో పెరిగిన మగవి క్రొత్త గుంపులో చేరినప్పుడు పెద్దగా కయ్యానికి దిగక ఇమిడిపోయాయి. ఒక్క ఆడదానితో మాత్రమే కలిసి పెరిగిన మగవి అదే పరిస్థితిలో ఎదుటివాటిపై తిరగబడ్డాయి. వాటి శరీరంలో ఒత్తిడిని సూచించే హార్మోను ఎంతగానో పెరిగింది. యౌవనదశలో తమకంటె పెద్దవాటి నడుమ మెలిగినవే తగ్గవలసిన చోట తగ్గడం నేర్చుకొంటాయని ఈ పరిశోధన తెలిపింది. పగ, పోరు పుట్టుకతో వచ్చిన గుణాలు మాత్రమే కావనీ, పెరిగిన తీరు వాటిని పెంచడమో తగ్గించడమో చేస్తుందనీ దీనివలన అర్థమవుతున్నది. స్విట్జర్లాండ్ దేశం 2008లో చేసిన జంతుసంక్షేమ నిబంధనల ప్రకారం గినీపందిని ఒంటరిగా పెంచరాదు. అయితే తోడు తేవడంలోను జాగ్రత్త అవసరం. ఆడ, మగ జంటను ఉంచితే సుమారు రెండు నెలలకొక ఈత తప్పదు. ఇరుకు గూటిలో రెండు మగవాటిని హఠాత్తుగా కలిపితే నెత్తురు చిందుతుంది. మొదట ప్రక్కప్రక్క గూళ్ళలో ఉంచి, వాసనకు అలవాటుపడిన తరువాత రెంటికీ క్రొత్తదైన విశాలమైన చోట కలపాలి.

ఇక మచ్చిక చేసే పద్ధతి. దీనికి కావలసినది బలం కాదు, ఓపిక. గూటిలో రెండు ద్వారాలున్న చిన్న పెట్టె ఒకటి ఉంచాలి. దాగడానికి చోటు ఉన్నదన్న ధైర్యమే బయటికి రావడానికి మొదటి మెట్టు. తొలిరోజులలో చేయి లోపల పెట్టక గూటి ప్రక్కన కూర్చొని చదువుకొంటే చాలు. మనిషి గొంతు, వాసన దానికి పరిచితమవుతాయి. తరువాత కొత్తిమీర కాడనో, జామముక్కనో కమ్మీల సందున అందించాలి. అది నిర్భయంగా అందుకొన్న తరువాతనే అరచేతిని నేలమీద కదలక ఉంచాలి. చేయి దానివద్దకు పోరాదు. అదే చేతివద్దకు రావాలి. పైకి ఎత్తవలసి వస్తే పైనుండి కాక ప్రక్కనుండి ఒక చేయి ఛాతీ క్రింద, మరొక చేయి వెనుకభాగం క్రింద పెట్టి ఒంటికి ఆనించుకోవాలి. తప్పనిసరి వేళల్లో మెత్తని తువ్వాలును ఉపయోగించవచ్చు. రోజూ అదే వేళకు, అదే గొంతుతో, కొద్ది నిమిషాలు మాత్రమే ఈ సాధన సాగాలి. ఫలితం కొన్నింటిలో వారాలకు, కొన్నింటిలో నెలలకు కనిపిస్తుంది.

కొన్ని ఎన్నటికీ ఒడిలోకి రావు. ఈ సత్యాన్ని అంగీకరించడమే కష్టతరమైన ఘట్టం. దాని ఆయుర్దాయం అయిదు నుండి ఎనిమిది సంవత్సరాలు. అంతకాలం దువ్వనీయని ప్రాణికి పొద్దున్నే మేత వేయడం, గూడు కడగడం ఎందుకన్న విసుగు కలగడం సహజం. అప్పుడే 'ఎవరికైనా ఇచ్చెయ్యి', 'తోటలో వదిలెయ్యి' అనే మాటలు పుడతాయి. కరిచే జంతువు ఒక ఇంటినుండి మరొక ఇంటికి మారితే దాని భయం రెట్టింపు కావడమే తప్ప తగ్గదు. దానిని బాగా ఎరిగిన అనుభవజ్ఞులు దొరికితే ఆ మాట వేరు. తోటలో వదిలితే కుక్కలకో, పిల్లులకో, కాకులకో ఒక పూట ఆహారమవుతుంది. వేల సంవత్సరాలుగా మనిషి నీడన బతికిన జీవికి అడవి దారి తెలియదు. ఒకరు సరదాకు తెచ్చిన ప్రాణి తన ఇష్టంతో రాలేదు. తిరిగి పోవడానికి దానికి ఇల్లూ లేదు. బాధ్యత ఎవరిదో చెప్పడానికి ఈ ఒక్కమాట చాలు.

బాలిక దానిని ఎవరికీ ఇవ్వలేదు. పశువైద్యుడు చూసి చర్మంలో గజ్జి ఉన్నదని చెప్పి చికిత్స చేశాడు. గూడు పెద్దదయింది. సాయంత్రం ఆమె పాఠాలు చదివే చోటు గూటి ప్రక్కకు మారింది. నాలుగు నెలలు గడిచినా అది ఒడిలో కూర్చోలేదు. ఎత్తబోతే ఇప్పటికీ పళ్ళు కొరుకుతుంది. ఆ చప్పుడు వినగానే ఆమె చేయి వెనక్కి తీసుకొంటుంది. కొరకవలసిన అవసరం దానికి మళ్ళీ రాలేదు. వంటింట్లో కూరగాయల సంచి చప్పుడైతే చాలు, ఈలవేసి ఇల్లంతా మారుమోగిస్తుంది. "ఉండవే తల్లీ, వస్తున్నా" అంటూ కొత్తిమీర కాడలు ఏరుకొని మొదట లేచేది అమ్మమ్మే. మాలిమి అయినది గినీపంది మాత్రమే కాదని ఆ ఇంటివారికి తెలిసింది.

కఠినపదాలకు అర్థాలు

మాలిమి = మచ్చిక, చనువు
పుట్టుపూర్వోత్తరాలు = పుట్టుక మొదలైన పూర్వవృత్తాంతం
అలికిడి = చిన్న శబ్దం
పరాకాష్ఠ = చివరి హద్దు
పరిచితం = తెలిసినది
ఆయుర్దాయం = జీవితకాలం

ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. గినీపంది కొరకడానికి గల కారణాలను పాఠం ఆధారంగా వివరించండి.
2. గినీపందిని మచ్చిక చేసే పద్ధతిని తెలిపి, అందులో ఓపికకు గల స్థానాన్ని చర్చించండి.

II. ఈ క్రింది వాక్యాలకు సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. దారులన్నీ మూసుకొనిపోయిన భయానికి మరొక పేరే ఆ కాటు.
2. చేయి దానివద్దకు పోరాదు. అదే చేతివద్దకు రావాలి.

III. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. గినీపంది జన్మస్థానం ఏది?
2. హోల్స్ట్, ఫ్రోలిక్ ఏ వ్యాధిని గమనించారు?
3. ఏ దేశపు నిబంధనలు గినీపందిని ఒంటరిగా పెంచరాదన్నాయి?
4. గినీపంది పళ్ళు పటపట కొరకడం దేనికి సూచన?

IV. సంధులు
ప్రాణాపాయం = ప్రాణ + అపాయం – సవర్ణదీర్ఘసంధి
ప్రాణాంతకం = ప్రాణ + అంతకం – సవర్ణదీర్ఘసంధి
పూర్వోత్తరాలు = పూర్వ + ఉత్తరాలు – గుణసంధి

V. సమాసాలు
శత్రుభయం = శత్రువు వలన భయం – పంచమీ తత్పురుష సమాసం
మూగజీవి = మూగదైన జీవి – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
నాలుగు నెలలు = నాలుగు సంఖ్య గల నెలలు – ద్విగు సమాసం