చీకటి గదిలో అరటితోట
(ఫోటోగ్రఫీ చదువుతున్న మా చెల్లెలి నోట్‌బుక్ చదివాక)



పోయిన నెల పేరెంట్–టీచర్ మీటింగ్‌లో ఎనిమిదో తరగతి అబ్బాయి వాళ్ల నాన్నగారు నా ముందు కూర్చున్నారు. ఇంగ్లిష్ మార్కుల గురించి ఒక్క మాటా అడగలేదు. జేబులోంచి ఫోన్ తీసి బల్ల మీద పెట్టారు. "చూడండి మేడమ్, నా ఫోన్‌లో వీడు మూడు వేల ఫోటోలు తీసినాడు. పరీక్షలు దగ్గరపడుతున్నాయి. వీడికి ఫోన్ ఇవ్వాల్నా, లాగేసుకోవాల్నా?" అన్నారు.

నేను అబ్బాయి వైపు తిరిగి, "వీటిలో నీకు బాగా నచ్చింది ఒక్కటి చూపించు" అన్నాను. వాడు స్క్రీన్ మీద వేలితో తోస్తూనే ఉన్నాడు. కుక్కపిల్ల, బైక్ అద్దం, మిద్దె మీద ఎండు మిరపకాయలు, అదే కుక్కపిల్ల మళ్లీ. వెనక వరుసలో ఉన్నవాళ్లు అసహనంగా కదులుతున్నారు. వాడు మాత్రం ఏదీ చూపించలేకపోయాడు.

ఆ రోజు వాళ్ల నాన్నగారికి నేను సరైన జవాబు చెప్పలేదు. ఇంటికి వెళ్లాక మా చెల్లెలి నోట్‌బుక్ గుర్తొచ్చింది. తన అనుమతి తీసుకునే ఈ వ్యాసం రాస్తున్నాను.

మాది మహానంది. నాయనకు రెండున్నర ఎకరాల అరటితోట ఉంది. చెల్లెలు హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫోటోగ్రఫీలో బీఎఫ్ఏ చదువుతోంది. ఇంజినీరింగ్ సీటు వచ్చే ర్యాంకు ఉండి కూడా ఆ కోర్సులో చేరతానంటే ఇంట్లో రెండు నెలలు మాటల్లేవు. "ఫోటోలకు కాలేజీ ఏందిమ్మా? నంద్యాలలో స్టూడియో ఆయన ఏ కాలేజీకి పోయినాడు?" అని నాయన అడిగిన ప్రశ్నకు అప్పుడు నా దగ్గరా జవాబు లేదు. నిజం చెప్పాలంటే లోలోపల నేనూ ఆయన పక్షమే. బీఈడీ చేసి, నెలనెలా జీతం తెచ్చుకుంటున్న అక్కను కదా.

హైదరాబాద్‌లో 2015లో మొదలైన ఇండియన్ ఫోటో ఫెస్టివల్ అనే పెద్ద ప్రదర్శన ఉంది. మాదాపూర్‌లోని స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో జరుగుతుంది. మొదటి ఏడాది చెల్లెలు దానికి వెళ్లి వచ్చిన రోజు నోట్‌బుక్‌లో రెండే వాక్యాలు రాసుకుంది: "రెండు గంటల్లో మొత్తం చూసేశాను. హాస్టల్‌కు వచ్చాక ఒక్క ఫోటో కూడా గుర్తు లేదు."

వాళ్ల లెక్చరర్ మళ్లీ పంపారట. ఈసారి ఒకే ఒక్క ఫోటో ముందు పదిహేను నిమిషాలు నిలబడి రమ్మన్నారు. మొదటి మూడు నిమిషాల్లో చూడాల్సిందంతా అయిపోయినట్టు అనిపించిందని, కాళ్లు నొప్పులు పుట్టాయని రాసింది. ఐదో నిమిషం నుంచి ప్రశ్నలు మొదలయ్యాయి. వెలుగు ఏ వైపు నుంచి పడుతోంది? ఫోటో తీసినవాళ్లు నిలబడి తీశారా, నేల మీద కూర్చుని తీశారా? చిత్రంలో ఉన్న మనిషి చూపు ఎవరి మీద ఉంది? అంచు దగ్గర సగం తెగిన ఆ చేయి ఎవరిది, దాన్ని అలా ఎందుకు వదిలేశారు?

ఈ నాలుగు ప్రశ్నలను నేను నా ఇంగ్లిష్ క్లాసులో వాడుకుంటున్నాను. చిత్రాన్ని చూసి వర్ణించమంటే "దిస్ ఈజ్ ఎ బ్యూటిఫుల్ పిక్చర్" దగ్గర ఆగిపోయే పిల్లలు, ఫోటో తీసిన మనిషి ఎక్కడ నిలబడ్డాడో చెప్పమంటే అరపేజీ రాస్తున్నారు. గ్యాలరీ దాకా వెళ్లలేనివాళ్లకు ఇంట్లో పెళ్లి ఆల్బమ్ చాలు. ఒక ఆదివారం ఒక్క పేజీ తెరిచి, ఇవే ప్రశ్నలు పిల్లల్ని అడిగి చూడండి. ఆ పేజీలో ఉన్నవాళ్ల పేర్లు మీకే గుర్తు రాకపోవచ్చు!

తర్వాత పాతబస్తీలోని చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లి నిజాంల కాలపు ఫోటోలు చూసింది. ఆ కాలంలో హైదరాబాద్‌లో పేరు మోగినవారు రాజా దీన్‌దయాళ్. 1844లో పుట్టి, ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్‌కు ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యారు. సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపారు. అప్పుడు ఫోటో అంటే గాజుపలక. ఒక పలక మీద ఒకే చిత్రం. తప్పు పోతే ఇంకో పలక తీయాల్సిందే. అందుకే తీయడానికి ముందు చాలాసేపు చూసేవారు. పరదా పాటించే ఆడవాళ్ల కోసం 1892లో ఆయన ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. అక్కడ ఫోటోలు తీసింది ఒక ఇంగ్లిష్ మహిళ. చెల్లెలు ఈ సంగతి కింద గీత గీసి, "ఫోటో తీసేది ఎవరు అన్నదాన్ని బట్టి ఎదుట ఉన్న మనిషి ముఖం మారుతుంది" అని రాసింది. మా ఊరి బస్టాండులో పూలమ్మే ఆమె చెల్లెలికి నవ్వుతూ ఫోటో ఇస్తుంది, కార్లలో వచ్చే యాత్రికులు ఫోన్ ఎత్తితే మాత్రం కొంగు అడ్డం పెట్టుకుంటుంది.

నోట్‌బుక్‌లో నాకు నిద్ర పట్టనివ్వని పేజీ ఇంకొకటి ఉంది. 1876–78 కరువు గురించి. మన పెద్దవాళ్లు ధాత కరువు అంటారు. బళ్లారి, కర్నూలు, కడప ప్రాంతాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. అప్పటి మద్రాస్ ప్రెసిడెన్సీలో సైనికాధికారిగా ఉన్న విల్లోబీ వాలెస్ హూపర్ ఆ కరువు మనుషుల ఫోటోలు తీశాడు. ఎముకలు తేలిన పెద్దలను, పిల్లలను వరుసగా కూర్చోబెట్టి, నిలబెట్టి, కుటుంబం గ్రూప్ ఫోటోలాగా తీశాడు. ఆ కరువు ఎంత భయంకరమైందో ఈ రోజు మనకు కళ్లకు కట్టేవి ఆ ఫోటోలే. కానీ ఆకలితో ఉన్నవాళ్లకు సాయం చేయకుండా వాళ్లను సర్ది ఫోటోలు తీశాడన్న నింద కూడా ఆయన మీద ఉంది. క్లాసులో తెర మీద ఆ ఫోటో వేసినప్పుడు చెల్లెలు తల దించుకుందట. మళ్లీ ఎత్తి చూసిందట. "వీళ్లు మా ఊరివాళ్లు అయి ఉండొచ్చు. ఈ ఫోటో లేకపోతే వీళ్లు నాకు తెలియరు. ఉన్నందుకు సిగ్గుగా ఉంది." అక్కడితో ఆ పేజీ ఆపేసింది.

సంక్రాంతి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ప్రయోగాలు మొదలుపెట్టింది. ఒకరోజు గెలలు పెట్టుకునే మా కొట్టు గది కిటికీకి నల్ల ప్లాస్టిక్ పట్టా కట్టి, తలుపు సందుల్లో గోనెసంచులు కుక్కింది. పట్టాకు రూపాయి బిళ్ల కంటే చిన్న బెజ్జం ఒకటే పెట్టింది. నన్నూ నాయననూ లోపల నిలబెట్టి తలుపు వేసింది. ఏమీ కనపడలేదు. "ఏందే ఇది, గాలి ఆడక సస్తాం" అన్నాడు నాయన. కళ్లు చీకటికి అలవాటు పడటానికి ఐదారు నిమిషాలు పట్టింది.

అప్పుడు ఎదురు గోడ మీద మా తోట కనిపించింది. రంగులతో సహా. తలకిందులుగా. ఆకులు కిందికి వేలాడుతూ, గాలికి ఊగుతూ. గట్టు మీద ఎవరో సైకిల్ తొక్కుకుంటూ పోతే, గోడ మీద ఆ సైకిల్ తలకిందులుగా, ఎదురు దిక్కుకు పోయింది. నాయన గోడ దగ్గరికి వెళ్లి అరచేయి పెట్టాడు. అరటాకు ఆయన చేతి మీద ఊగింది. ఆయన ఏమీ మాట్లాడలేదు. బయటికి కూడా రాలేదు, చాలాసేపు.

ఇందులో మాయ లేదు. మిడిల్ స్కూల్ సైన్సు పుస్తకంలో పిన్‌హోల్ కెమెరా బొమ్మ ఉంటుంది, అదే. వెలుతురు సూటిగా ప్రయాణిస్తుంది కాబట్టి, చెట్టు పైభాగం నుంచి వచ్చే కిరణం బెజ్జం గుండా గోడ కింది భాగానికి, మొదలు నుంచి వచ్చేది పై భాగానికి పోతాయి. బెజ్జం చిన్నదైతే బొమ్మ స్పష్టంగా ఉంటుంది కానీ మసకగా ఉంటుంది. పెద్దదైతే వెలుగు పెరిగి అంచులు చెదురుతాయి. హంపి విరూపాక్ష ఆలయంలో ఒక గది గోడ మీద తొమ్మిది అంతస్తుల గోపురం తలకిందులుగా పడేది కూడా ఇదే సూత్రంతో. నంద్యాల నుంచి హొసపేటకు నేరుగా రైలు ఉంది. ఈసారి హంపి వెళితే పిల్లలకు ఆ గది చూపించకుండా రావద్దు.

2019 డిసెంబర్ 26న సూర్యగ్రహణం పట్టినప్పుడు అమ్మ మమ్మల్ని బయటికి కదలనివ్వలేదు. వసారా రేకుకు ఉన్న మేకు బెజ్జాల్లోంచి నేల మీద వరుసగా చిన్న చిన్న నెలవంకలు పడ్డాయి. గ్రహణమే మా ఇంట్లోకి వచ్చింది. చెల్లెలు అప్పుడు స్కూల్లో ఉంది, సుద్దముక్కతో వాటి చుట్టూ గీతలు గీసింది. కెమెరా అంటే ఏమిటో తనకు తెలిసింది ఆ రోజేనని ఇప్పుడు అంటోంది. (సూర్యుడి వైపు నేరుగా చూడటం ఏ రోజూ మంచిది కాదు. గ్రహణం రోజైనా నేల మీది బొమ్మనే చూడనివ్వండి.)

నీలం రంగు ముద్రలు, అంటే సయనోటైప్‌లు కూడా వేసింది. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన పద్ధతి ఇది. మరుసటి ఏడాదే ఆనా అట్కిన్స్ అనే ఆవిడ దీనితో సముద్రపు నాచు మొక్కల ముద్రలు వేసి పుస్తకం తేవడం మొదలుపెట్టారు. కెమెరా అక్కర్లేదు. ఇనుము లవణాలు పూసిన కాగితం మీద ఆకు పెట్టి ఎండలో ఉంచితే చాలు. ఎండకు మాకేం కొదవ? చింతకొమ్మ ముద్ర బ్రహ్మాండంగా పడింది కానీ, మా బోరు నీళ్లలో కడిగేసరికి నీలం వెలిసిపోయింది. మూడు కాగితాలు పోయాయి. క్షారగుణం ఉన్న నీళ్లకు ఆ నీలం నిలవదని తర్వాత తెలిసింది. నాలుగోసారి నీళ్లలో నిమ్మకాయ పిండింది. రంగు నిలిచింది. నోట్‌బుక్‌లో ఆ పోయిన మూడు కాగితాలనూ అతికించి, ప్రతిదాని కింద కారణం రాసి పెట్టింది. మన పిల్లల నోట్‌బుక్‌లలో తప్పుపోయిన పేజీలు చింపేయిస్తాం మనం. టీచర్లం మేమే ముందు.

మహానంది కోనేటి దగ్గర చేసింది మాత్రం మీరు ఫోన్‌తోనే చేయొచ్చు. ఆ నీళ్లు ఎంత తేటగా ఉంటాయో చూసినవాళ్లకు తెలుసు. కానీ ఫోటో తీస్తే అడుగు కనపడదు, ఆకాశం నీడే కనపడుతుంది. పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలు కెమెరా ముందు పెట్టి మెల్లగా తిప్పండి. ఒక చోట నీడ మాయమై అడుగున రాళ్లు, నాణేలు తేలతాయి. ఇంకా తిప్పితే నీడ తిరిగొస్తుంది. నీటి మట్టానికి సుమారు 37 డిగ్రీల వాలులో చూసినప్పుడు ఇది బాగా పనిచేస్తుంది. స్నానాలు చేసేవాళ్లు ఫ్రేమ్‌లో లేకుండా చూసుకుంటూ చెల్లెలు తెల్లవారుజామున రెండు ఫోటోలు తీసింది. ఒకదాంట్లో గోపురం నీడ, ఇంకోదాంట్లో కోనేటి అడుగు. అవే నీళ్లు. ఏది నిజం ఫోటో అని నన్ను అడిగింది. ఇప్పటికీ చెప్పలేకపోతున్నాను.

మే నెలలో ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. అరటి రైతుకు ఆ మాట చాలు. పొద్దున లేచి చూస్తే గెలలతో ఉన్న చెట్లు సగానికి పైగా నేల మీద ఉన్నాయి. చెల్లెలు అప్పుడు ఇంట్లోనే ఉంది. నాయన గట్టు మీద కూర్చుని తల పట్టుకున్నాడు. వెనక నల్లమల కొండ, ముందు పడిపోయిన చెట్లు, పక్క నుంచి లేత ఎండ. కెమెరా తన మెడలోనే ఉంది. తీయలేదు. ఆ రాత్రి నాతో, "అక్కా, అది ఏ ప్రదర్శనలోనైనా పెట్టే ఫోటో. కానీ నాకు హూపర్ గుర్తొచ్చాడు" అంది. తీసి ఉండాల్సిందేమో అని కూడా అంది. నేను ఊరుకున్నాను.

తీయమని అడిగింది నాయనే, మధ్యాహ్నం. పంట నష్టం రాసుకోవడానికి వచ్చేవాళ్లకు చూపించడానికి తన దగ్గర కూడా ఫోటోలు ఉండాలన్నాడు. చెల్లెలు ముందు మిద్దె ఎక్కి తోట మొత్తం వచ్చేలా తీసింది. తర్వాత నాలుగు మూలల నుంచి, ప్రతిసారి మా కొట్టు గది గాని, కరెంటు స్తంభం గాని కనపడేలా తీసింది. తర్వాత దగ్గరగా, విరిగిన మొదళ్లు. ఒకచోట ఆగి, చెట్టు ఎంత ఎత్తుదో ఫోటోలో తెలియడం లేదని చుట్టూ చూసింది, కర్ర ఏదైనా దొరుకుతుందేమోనని.

నాయన పంచె ఎగ్గట్టి, బురదలోకి దిగి, పడిపోయిన చెట్టు పక్కన నిటారుగా నిలబడ్డాడు.

"నేను నిలబడితే తెలుస్తాది గదా. మబ్బు పడతాంది, తొందరగా తియ్యి" అన్నాడు.

ఆ ఫోటో కాగితం మీద వేయించి ఇమ్మని ఆయనే అడిగాడు. ఇప్పుడు అది కొట్టు గదిలో, తోట తలకిందులుగా పడిన ఆ గోడకే ఉంది.

1839 ఆగస్టు 19న ఫ్రాన్స్ ప్రభుత్వం డాగ్యురోటైప్ పద్ధతిని లోకానికి ప్రకటించింది. అందుకే ఆ రోజును ప్రపంచ ఫోటోగ్రఫీ దినంగా జరుపుతారు. ఆ వారం శనివారం ఆరు నుంచి తొమ్మిది తరగతుల పిల్లలతో పిన్‌హోల్ కెమెరాలు చేయిస్తున్నాం. ఒక ఖాళీ చెప్పుల డబ్బా, సగం నల్ల చార్ట్, ఒక ట్రేసింగ్ పేపర్, సెల్లోటేప్ పంపండి. సూది మేము ఇస్తాం. ఫోన్ అవసరం లేదు. మూడు వేల ఫోటోల అబ్బాయి వాళ్ల నాన్నగారు వీలు చేసుకుని తనతో కలిసి వస్తే, ఇద్దరికీ ఒకే డబ్బా ఇస్తాను.