ఛాట్‌లో పడ్డ ఉత్తరం

మా ఇంటి కింది అంతస్తులో నాలుగు సాంచాలున్నాయి. టెర్రీ టవల్ నేస్తాం. అశోక్ చౌక్ చుట్టుపక్కల గల్లీల్లో పుట్టినవాళ్లకు ఆ చప్పుడు గురించి చెప్పనక్కరలేదు, అది ఆగితేనే నిద్ర లేస్తాం. బాపుకు తెలుగు మాట్లాడడం వచ్చు, మరాఠీ చదవడం వచ్చు, ఇంగ్లీషు రాదు. అందుకని కార్ఖానా ఈమెయిల్ చూసే పని నాది. రోజూ రాత్రి ఫోను తెరిచి, పైనున్న నాలుగు మెయిళ్లు చూసి, "ఏం లేదు బాపూ" అని చెప్పి పడుకునేదాన్ని.

పోయిన ఏడు దీపావళికి ముందు వేరే రాష్ట్రం నుంచి ఒక వ్యాపారి మూడు రంగుల నమూనాలు పంపమని రాశాడు. ఆ ఉత్తరం నాకు పంతొమ్మిదో రోజున కనబడింది. అదీ స్పామ్ అనే పెట్టెలో, లాటరీ తగిలిందనే మెయిలుకూ బరువు తగ్గించే మందు మెయిలుకూ మధ్య. వెంటనే జవాబు రాశాను. వేరేవాళ్లకు ఇచ్చేశామని మర్యాదగానే తిరిగి రాశారు. బాపు ఏమీ అనలేదు. "పోతే పోయింది బిడ్డా, ఇంకోటొస్తది" అన్నాడు. కానీ ఆ నెలలో రెండు సాంచాలు ఊరికే నిలబడ్డాయి. వాటి మీద గుడ్డ కప్పి ఉంటే చూడడం నాకు కష్టమైంది. అప్పటినుంచి ఈ సంగతి కొంచెం పట్టుగా నేర్చుకున్నాను. నేర్చుకున్నది గోడపత్రికకు రాయమని మేడమ్ అన్నారు.

మన ఇండ్లలో బీడీలు చేసే అవ్వలుంటారు గదా, వాళ్లను తలుచుకుంటే స్పామ్ అంటే ఏమిటో సులువుగా తెలుస్తుంది. రోజంతా కూర్చుని వెయ్యి బీడీలు చేసి బ్రాంచికి తీసుకుపోతే అక్కడ ఒకాయన కట్టలు తిప్పి చూసి కొన్నిటిని పక్కన పడేస్తాడు. అది ఛాట్. వాటికి పైసలు రావు. నిజంగా చెడ్డవీ అందులో పోతాయి, మంచివీ పోతాయి. మా నానమ్మ ఇప్పటికీ "నా బీడీ ఏం తక్కువుండె?" అని అడుగుతూనే ఉంటుంది. జీమెయిల్‌లో ఆ పని ఒక యంత్రం చేస్తుంది. ఉత్తరంలోని మాటలు, పంపినవారి చిరునామా, అదే ఉత్తరం ఇంకా ఎంతమందికి పోయింది, ఇదివరకు జనం ఇలాంటివాటిని ఏం చేశారు, ఇవన్నీ చూసి లెక్క కడుతుంది. మాటలను బట్టి ఇలా సంభావ్యత లెక్కించే పద్ధతిని 2002లో పాల్ గ్రాహమ్ అనే ఆయన ఒక వ్యాసంలో వివరించాక అది బాగా ప్రచారంలోకి వచ్చింది. లెక్క ఎంత మంచిదైనా లెక్కే. మనకు పరిచయం లేని మనిషి, మొదటిసారి రాసినవాడు, ధరలూ నమూనాలూ అడిగేవాడు ఆ యంత్రానికి అనుమానంగా కనబడవచ్చు. కొత్త గిరాకీ అంటే సరిగ్గా ఆ మనిషే!

చెత్త ఉత్తరాల చరిత్ర మనం అనుకున్నదానికంటే పాతది. 1978 మే నెలలో గ్యారీ థర్క్ అనే అమెరికా ఉద్యోగి తన సంస్థ కంప్యూటర్లను అమ్ముకోవడానికి అప్పటి ఆర్పానెట్ మీద సుమారు నాలుగు వందల మందికి ఒకేసారి ఉత్తరం పంపాడు. తిట్లూ తిన్నాడు, కంప్యూటర్లూ అమ్ముకున్నాడు. స్పామ్ అన్న పేరు మాత్రం డబ్బా మాంసానిది. 1937లో వచ్చిన ఆ సరుకు పేరును 1970లో ఒక బ్రిటిష్ హాస్య నాటికలో ఇక వేరే మాట వినబడకుండా అరిచి అరిచి చెప్పారు. దాన్ని చూసి నవ్వుకున్న కంప్యూటర్ జనం తరువాత ఈ గోలకు ఆ పేరు పెట్టారు. తెలుగు శాఖ పిల్లలం కాబట్టి మనకో మాట కావాలి. "చెత్త ఉత్తరం" వాడుకలో ఉంది. నాకు మాత్రం "తాలు" నచ్చింది. చూడడానికి గింజలాగే ఉంటుంది, లోపల ఏమీ ఉండదు. మీకు ఇంకా మంచి మాట తోస్తే ఈ కాగితం కింద పెన్సిలుతో రాయండి.

ఇక పని సంగతి. స్పామ్ పెట్టెను వారానికి ఒకసారైనా చూడాలి, ఎందుకంటే జీమెయిల్ అందులోవాటిని 30 రోజుల తరువాత తానే చెరిపేస్తుంది. నేను ఇంకో పదకొండు రోజులు ఆలస్యం చేసి ఉంటే అలాంటి ఉత్తరం వచ్చిందన్న సంగతే తెలిసేది కాదు. మంచి ఉత్తరం కనబడితే చదివి ఊరుకోవద్దు, "స్పామ్ కాదు" అన్నది నొక్కండి. అప్పుడే యంత్రం నేర్చుకుంటుంది. పంపినవారిని కాంటాక్టుల్లో చేర్చుకుంటే ఇంకా మేలు. కంప్యూటర్ మీద కూర్చున్నప్పుడు సెట్టింగ్స్‌లో ఫిల్టర్ పెట్టుకుని, ఫలానావారి మెయిల్ ఎన్నడూ స్పామ్‌కు పంపవద్దని చెప్పవచ్చు. మా నూలు వ్యాపారికీ, మన కాలేజీకీ, స్కాలర్‌షిప్ వాళ్లకూ నేను అలాగే పెట్టాను. ప్రమోషన్స్ అనే గదిని కూడా మరచిపోవద్దు. అది స్పామ్ కాదు, అయినా చాలామంది అటు పోనేపోరు.

తాలు రాకుండా చేయడంలో ఒక తేడా గుర్తుంచుకోవాలి. మనమే ఎప్పుడో ఏదో కొని చిరునామా ఇచ్చిన దుకాణాలు పంపేవి ఒక రకం. వీటికి పంపినవారి పేరు పక్కన జీమెయిల్ చూపే "అన్‌సబ్‌స్క్రైబ్" నొక్కితే చాలు. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ కలిసి ఒక నియమం పెట్టాయి. రోజుకు ఐదు వేలకు పైగా మెయిళ్లు పంపే వ్యాపారులు ఒక్క నొక్కుతో వదిలించుకునే దారి ఇవ్వాలి, రెండు రోజుల్లో దాన్ని పాటించాలి. రెండో రకం ముక్కూ ముఖం తెలియనివి. వీటిలో లోపల ఉన్న ఏ లింకూ నొక్కకూడదు, "ఇక పంపకండి" అన్న లింకు అయినా సరే. నొక్కితే ఈ చిరునామాలో మనిషి ఉన్నాడని వాళ్లకు తెలుస్తుంది. వాటిని "రిపోర్ట్ స్పామ్" చేసి వదిలేయాలి.

ఇంకో చిట్కా నాకు చాలా పనికొచ్చింది. జీమెయిల్ చిరునామాలో మన పేరు తరువాత ప్లస్ గుర్తు పెట్టి ఏదైనా మాట చేర్చినా ఉత్తరం మనకే వస్తుంది. చీరల దుకాణంలో అడిగితే పేరు ప్లస్ చీర అని ఇవ్వండి. రేపు ఆ చిరునామాకు అప్పులిస్తామంటూ మెయిల్ వస్తే మన చిరునామా ఎక్కడినుంచి బయటికి పోయిందో తెలిసిపోతుంది. కొన్ని సైట్లు ప్లస్ గుర్తును ఒప్పుకోవు, అది వేరే సంగతి.

మెయిల్ రాకపోవడానికి స్పామ్ కాని కారణం ఒకటుంది, మా అన్నయ్యకు అదే అయింది. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. అది మెయిలుకూ, ఫోటోలకూ, డ్రైవ్‌కూ కలిపి. ఆండ్రాయిడ్‌లో ఇప్పుడు వాట్సాప్ బ్యాకప్ కూడా అందులోనే లెక్క. డిజైన్ల వీడియోలు, పెండ్లి వీడియోలు, ఉగాది శుభాకాంక్షలు అన్నీ అక్కడికే చేరి నిండిపోతే, కొత్త మెయిల్ రావడమే ఆగిపోతుంది. వాట్సాప్ బ్యాకప్ సెట్టింగ్‌లో వీడియోలు వద్దని పెట్టండి. తీసేసినవి ట్రాష్‌లో ఉన్నంతకాలం చోటు తింటూనే ఉంటాయి, దాన్నీ ఖాళీ చేయాలి.

ఫోను నెమ్మదిగా ఉందని మనలో చాలామంది చేసే మొదటి పని క్యాష్ తుడిచేయడం. ఇది రోజూ చేస్తే తప్పు. క్యాష్ అంటే సాంచా పక్కన చుట్టి పెట్టుకున్న కండెలు. ఒకసారి తెరిచిన పేజీ బొమ్మలను బ్రౌజర్ దాచుకుంటుంది, మళ్లీ తెరిస్తే దగ్గరినుంచే తీసుకుంటుంది. తుడిచేస్తే మళ్లీ మొదటినుంచి చుట్టాలి. పేజీ పాతగానో వంకరగానో కనబడుతుంటేనో, ఫోనులో అసలు చోటే లేకుంటేనో తుడవండి. నిజంగా బరువు పెట్టేవి తెరిచి వదిలేసిన ట్యాబులు. మా చెల్లెలి ఫోనులో లెక్కపెడితే డెబ్బైమూడు ఉన్నాయి! "ఫోన్ క్లీనర్", "స్పీడ్ బూస్టర్" అనే యాప్‌లు కూడా తీసేయండి. వాటిలో చాలావరకు ప్రకటనలు చూపించడానికే పుట్టినవి.

ప్రకటనలే పేజీని బరువు చేస్తాయి. వార్త నాలుగు పేరాలే, దాని చుట్టూ కదిలే బొమ్మలు, వెనుక మనల్ని గమనించే లిపులు. ఆండ్రాయిడ్‌లో ఫైర్‌ఫాక్స్ వాడితే యూబ్లాక్ ఆరిజిన్ అనే పొడిగింపు చేర్చుకోవచ్చు, పేజీలు తేలికవుతాయి. క్రోమ్ ఫోనులో అలాంటివాటిని తీసుకోదు. ఫలితాల రోజున పేజీ తెరుచుకోకపోతే మాత్రం మన ఫోనును తిట్టి లాభం లేదు. అటు వైపు యంత్రం ముందు అందరూ ఒకేసారి నిలబడ్డారు, అంతే. రాత్రి పదకొండుకు చూసుకోండి.

ఫోను పై అంచున "మీ ఫోనులో వైరస్ ఉంది" అని వచ్చేవాటి గురించి నన్ను ఎక్కువమంది అడిగారు. అది వైరస్ కాదు. ఎప్పుడో ఏదో సైటులో సినిమా చూడడానికి "అలో" నొక్కాం, ఆ సైటుకు నోటిఫికేషన్లు పంపే అనుమతి దొరికింది. క్రోమ్ సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరిచి, తెలియని పేర్లన్నిటినీ బ్లాక్ చేయండి. పక్కింటి వదిన ఫోనులో అలా చేస్తే ఆమె ఫోను పాడైందనుకుని కొత్తది కొనడం మానేసింది.

చివరికి, మోసపు మెయిళ్లు. మన పేటలో ఇవి "విదేశీ ఆర్డర్" వేషంలో వస్తాయి. సోలాపూర్ చద్దర్‌కూ టెర్రీ టవల్‌కూ భౌగోళిక గుర్తింపు ఉంది, బయట పేరుంది, అందుకని నమ్మబుద్ధి అవుతుంది. పంపినవారి పేరు కాదు, దాని మీద నొక్కి అసలు చిరునామా చూడండి. లింకు చిరునామాను చివరినుంచి చదవాలి. సర్కారు సైటు అయితే చాలావరకు మొదటి గీతకు ముందు జీఓవీ డాట్ ఇన్ అని ముగుస్తుంది. ఆ మాటలు మధ్యలో వచ్చి వాటి వెనుక ఇంకేదో ఉంటే అది సర్కారుది కాదు. ఆర్డర్ ఇస్తామంటూ ముందు మనల్నే రుసుము కట్టమంటే అక్కడే ఆగిపోవాలి. పైసలు పోతే సిగ్గుపడి దాచకుండా అప్పటికప్పుడు 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఇప్పుడు ఆదివారం పొద్దున చాయ్ తాగుతూ నేనూ బాపూ స్పామ్ పెట్టె తెరుస్తాం. నేను పైకి చదువుతాను, ఆయన వింటాడు. పోయిన వారం ఒకటి చదువుతుంటే "ఆగు, ఆ పేరు మళ్ల చదువు" అన్నాడు. పదేండ్ల కింద మా దగ్గర టవళ్లు కొన్న మనిషి, చిరునామా మార్చుకున్నాడట. ఇరవై డజన్లు అడిగాడు. మంగళవారం పంపాం.