ఆదోని పత్తి – ప్రపంచ వ్యాపార న్యాయం

సెలవులకు ఊరికి పోయినప్పుడు మాలో చాలామందిమి పత్తి తీయడానికి కూలికి పోయినవాళ్ళమే. ఆదోని మార్కెట్ యార్డులో ధర పడిపోయిందని పెద్దలు దిగులుపడేవారు. పంట బాగా వచ్చిన ఏడు కూడా ధర ఎందుకు పడుతుందో మాకు తెలిసేది కాదు. మా ఇళ్ళలో డిగ్రీ దాటి చదివిన మొదటివాళ్ళం మేమే. పి.జి.కి వచ్చాక తెలిసిన కారణాల్లో ఒకదాన్ని తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు చెబుతున్నాము.

పత్తి ధర ఒక్క ఊళ్ళో తయారయ్యేది కాదు. అమెరికా తన పత్తి రైతులకు భారీగా సబ్సిడీలు ఇచ్చింది. ధర పడినా వారికి నష్టం లేదు కనుక సాగు తగ్గలేదు. ఆ సరుకు ప్రపంచ మార్కెట్‌ను ముంచెత్తి ధరను ఇంకా కుంగదీసింది.

ఇతర దేశాలను తీవ్రంగా దెబ్బతీసే సబ్సిడీలు కూడదన్నది 1995లో ఏర్పడిన ప్రపంచ వాణిజ్య సంస్థ నియమం. దాని ఆధారంగా 2002లో బ్రెజిల్ అమెరికాపై ఫిర్యాదు చేసింది. 2005 మార్చిలో అప్పీలులోనూ గెలిచింది. అయినా అమెరికా తీర్పును సరిగా అమలు చేయలేదు. 2009లో బ్రెజిల్‌కు ప్రతీకార సుంకాలు వేసే అనుమతి దొరికింది. అప్పుడు అమెరికా రాజీకి దిగింది. చివరకు 2014లో 30 కోట్ల డాలర్లు ఇస్తామని ఒప్పుకొని వివాదం ముగించింది.

మరి న్యాయం జరిగినట్టేనా? 2003లో బెనిన్, బుర్కినా ఫాసో, మాలి, చాద్ దేశాలు కూడా ఇదే గోడు చెప్పుకున్నాయి. ఆ కేసులో మన దేశం మూడో పక్షంగా ఉంది. కానీ రాజీ ఇద్దరి మధ్యనే జరిగింది. ఆదోని రైతుకు అందులో పైసా లేదు. తిరిగి దెబ్బతీయగల బలం ఉన్నవాడికే పరిహారం దక్కింది.

బలవంతులిద్దరూ తలపడితే ఇంకో కథ. 2018లో అమెరికా చైనా సరుకులపై అదనపు సుంకాలు వేసింది, చైనా బదులు వేసింది. అమెరికా సుంకాలు నియమాలకు విరుద్ధమని 2020లో తీర్పు వచ్చింది. అమెరికా అప్పీలు చేసింది. కానీ వినేవారేరి? కొత్త సభ్యుల నియామకాన్ని అమెరికాయే అడ్డుకోవడంతో 2019 డిసెంబరులోనే అప్పీలు విభాగం ఆగిపోయింది.

అయితే నియమాలు దండగ అనుకోకండి. అవి లేకుంటే బ్రెజిల్‌కు అడిగే చోటే ఉండేది కాదు. మన మెస్సులోనూ అంతే, అడిగేవాడు ఉంటేనే వరుస నిలుస్తుంది. సబ్సిడీ ధరను ఎంత తగ్గించిందో బ్రెజిల్ ఆర్థికవేత్తలతో లెక్క కట్టించి వాదించింది. మన చేల లెక్క కట్టి అడిగేవాళ్ళు మన హాస్టళ్ళ నుంచే రావాలి.