అన్నదమ్ముల మాట, కంపెనీ నియమావళి

మన పట్టణంలోని తెలుగు కుటుంబాలు ఇంట్లో తెలుగు, అంగడిలో తమిళం మాట్లాడతాయి. కంపెనీ కాగితాలపై మాత్రం ఇంగ్లీషులో సంతకం చేస్తాయి. పెద్దలు కూర్చుని ‘ఇది నీ వంతు, ఇది నా వంతు’ అని నిర్ణయించుకొన్న మాట తెలుగులోనే ఉండిపోతుంది. అది ఇంగ్లీషు కాగితంలోనికి ఎక్కినదా లేదా అని విచారించేవారు తక్కువ. తండ్రుల కాలం గడిచి, పెదనాన్న, చిన్నాన్న బిడ్డల చేతికి వ్యాపారం వచ్చినప్పుడు తగాదా ఆ చోటనే మొలకెత్తుతుంది. అట్టి తగాదాలో చట్టం ఏ మాటను లెక్కలోనికి తీసుకొంటుందో తెలియజేయడమే ఈ పాఠం ఉద్దేశం.

1. కంపెనీని కట్టివేసే పత్రం

1936లో పి.ఎ.సి. రామస్వామి రాజా గారు రాజపాళయం మిల్స్‌ను నెలకొల్పిన నాటినుండి నూలు ఈ పట్టణానికి జీవనాధారం. పెద్ద మిల్లుల చెంతనే చిన్న నూలు మిల్లులు, ఛత్రపట్టిలో వైద్యశాలలకు కట్టుగుడ్డ నేసే కర్మాగారాలు వెలిశాయి. ఇట్టి వ్యాపారాలలో కొన్ని భాగస్వామ్య సంస్థలు, కొన్ని ప్రైవేటు కంపెనీలు. ఈ రెంటికీ భేదం తెలియాలి. వేరే ఒప్పందం లేనప్పుడు, భాగస్వాములలో ఒకరు మరణిస్తే 1932 నాటి చట్టం ప్రకారం భాగస్వామ్యం రద్దవుతుంది. కంపెనీ అట్లు కాదు. మనుషులు పోయినా అది నిలిచి ఉంటుంది, వాటాలు వారసులకు చేరుతాయి.

ప్రైవేటు కంపెనీకి కనీసం ఇద్దరు సభ్యులు ఉండాలి. 200 మందికి మించరాదు. వాటాల బదిలీపై ఆంక్ష ఉండటం దాని ముఖ్య లక్షణం. ఆ ఆంక్ష ఎట్టిదో చెప్పేది ఆర్టికల్స్ ఆఫ్ అసోసియేషన్. దీనిని ఇక్కడ నియమావళి అందాము. 2013 కంపెనీల చట్టం 10వ సెక్షన్ ప్రకారం నియమావళి కంపెనీని, సభ్యులందరినీ కట్టివేస్తుంది. చట్టంలోని నమూనానే యథాతథంగా స్వీకరించిన కంపెనీ పత్రంలో ఆ కుటుంబపు ప్రత్యేక ఏర్పాటు ఏదీ కనిపించదు.

2. నలభై ఏళ్ల మాట

తమిళనాడులోని ఒక నాయుడు కుటుంబపు కంపెనీ కథ దీనికి తగిన ఉదాహరణ. ఆ కంపెనీకి 50 వాటాలు; ఇద్దరు అన్నదమ్ములకు చెరి 25. ఉభయ శాఖలూ ఎల్లప్పుడూ సమానంగానే వాటాలు కలిగి ఉండాలని, ఎవరైనా అమ్మదలచితే ముందుగా తన శాఖవారినే అడగాలని 1951లో నోటిమాటగా ఒప్పుకొన్నారు. అన్నదమ్ములు గతించారు. తరువాతి తరంలో ఒకరు తన శాఖవారిని కాదని అవతలి శాఖవారికి వాటాలు అమ్మారు. సమతూకం చెడింది, దావా పడింది.

క్రింది న్యాయస్థానాలు పెద్దల ఒప్పందాన్ని నిలబెట్టాయి. కాని రంగరాజ్, గోపాలకృష్ణన్ కేసుగా పేరుపొందిన ఈ వ్యాజ్యంలో 1991 నవంబరులో సుప్రీంకోర్టు వేరుగా తీర్పు చెప్పింది. నియమావళిలో లేని ఆంక్ష కంపెనీని గాని, వాటాదారులను గాని కట్టివేయదని, కనుక ఆ అమ్మకం చెల్లుతుందని నిర్ణయించింది. మాట ఉన్నది, మాట తప్పడమూ జరిగినది. అయినా ఆ మాట ఉండవలసిన చోట లేదు. నలభై ఏళ్ల నాటి ఒప్పందం వ్రాతలో లేనందున ఓడిపోయింది.

3. వారసులు, నామినీలు

‘నామినీగా నా పేరు ఉన్నది, కనుక వాటాలు నావే’ అనుకోవడం మరొక పొరపాటు. నామినీ వాటాలకు సంపూర్ణ యజమాని కాడని, వారసత్వ చట్టం లేదా వీలునామా ప్రకారమే హక్కు తేలుతుందని సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో స్పష్టం చేసింది. కనుక ఆడపడుచుల వాటాలను నామినేషన్ పత్రంతో తీసివేయడం సాధ్యం కాదు.

4. తగాదా వచ్చినప్పుడు

వాటాల బదిలీని ప్రైవేటు కంపెనీ నిరాకరిస్తే, ఆ నోటీసు అందిన 30 రోజులలోగా జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకోవాలి. కంపెనీ ఏ నోటీసూ పంపకపోతే, పత్రాలు దాఖలు చేసిన నాటినుండి 60 రోజుల గడువు ఉంటుంది. మన రాష్ట్రానికి చెందిన ధర్మాసనం చెన్నైలో ఉన్నది.

పెత్తనం చేసేవారు తక్కినవారిని అణగద్రొక్కితే 241వ సెక్షన్ క్రింద ఫిర్యాదు చేయవచ్చు. మూలధనంలో పదవ వంతు వాటా ఉన్నవారికి ఈ హక్కు ఉన్నది. సభ్యుల సంఖ్యలో పదవ వంతు చేరినా చాలు. కనుక పదిమందికి మించని కంపెనీలో ఒక్క సభ్యుడైనా సభ్యురాలైనా ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. అయితే తమ వాటాల సొమ్ము బాకీ లేకుండా చెల్లించి ఉండాలి. ఒకరి వాటాలను మరొకరు కొనవలసినదిగా ఆదేశించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉన్నది.

న్యాయవాదిని పెట్టుకొనే స్తోమత లేని స్త్రీలు వెనుకాడనక్కరలేదు. 1987 నాటి చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలు ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ శ్రీవిల్లిపుత్తూరు న్యాయస్థాన సముదాయంలో ఉన్నది.

5. సఖ్యత ఉన్నప్పుడే

నియమావళిని మార్చడానికి ప్రత్యేక తీర్మానం కావాలి; అనుకూలమైన ఓట్లు వ్యతిరేకమైన ఓట్లకు మూడు రెట్లకు తగ్గరాదు. తీర్మానాన్ని 30 రోజులలో కంపెనీల రిజిస్ట్రారుకు దాఖలు చేయాలి. ఇక్కడ ఒక సూక్ష్మం గమనించండి: సగం సగం వాటాలున్న రెండు శాఖలలో ఏ ఒక్కటీ ఒంటరిగా ఈ తీర్మానాన్ని నెగ్గించలేదు. తగాదా వచ్చిన తరువాత నియమావళిని దిద్దుకొందామంటే ఎదుటివారి సమ్మతి దొరకదు. ఒకే పంక్తిలో కూర్చుని భోజనం చేస్తున్న కాలంలోనే ఆ పని ముగించాలి. పెద్దలు తెలుగులో చెప్పిన మాటను వారి సమక్షంలోనే వ్రాయించి, ఇంగ్లీషు పత్రంలో అదే అర్థం వచ్చినదో లేదో చదివించుకొని, న్యాయవాదికి చూపిన తరువాతనే సంతకం చేయడం మేలు.

ఆలోచించవలసిన ప్రశ్నలు

1. మీ కంపెనీ నియమావళి ప్రతి మీ ఇంట్లో ఉన్నదా? దానిని చివరిసారి ఎవరు చదివారు?
2. వాటా అమ్మదలచినవారు ముందుగా ఎవరిని అడగాలని అందులో ఉన్నది?
3. మీ పెద్దలు చెప్పిన మాటలలో ఇంకా కాగితానికి ఎక్కనిది ఏది?