పెదవిపై జ్వరపు పొక్కు – ఊపిరితిత్తులలో వ్యాధి

నేను గురుకులమున వైద్యము అభ్యసించు దినములలో, ఒక శీతకాలపు ఉదయమున, ఒక గృహస్థు తన తమ్ముని ఎడ్లబండిలో తీసికొని వచ్చెను. రోగికి మూడు దినములుగా వణుకుతో కూడిన తీవ్రజ్వరము, దగ్గు. పై పెదవిమీద గుత్తిగా నీటిపొక్కులు లేచియుండెను. "జ్వరము పేలినదండీ, ఇక దిగిపోవును" అని ఆ గృహస్థు ధైర్యముగా పలికెను. మా గురువుగారు పొక్కులను ఒక్కమారు చూచి, రోగి వీపునకు చెవి ఆనించి, ఊపిరి లెక్కించిరి. "నాయనా, ఇది మన కషాయమునకు లొంగునది కాదు. ఆలస్యము చేయక పట్టణములోని ఆసుపత్రికి కొనిపొమ్ము" అనిరి. అచ్చట న్యుమోనియా అని తేల్చి, పెన్సిలిన్ ఇచ్చిరి. అతడు కోలుకొనెను. పెదవిమీది పొక్కునకును, ఊపిరితిత్తులకును గల సంబంధమేమో పాఠకులు తెలిసికొనుట మేలు.

నిద్రించు వైరసులు

హెర్పిస్ అనునది ఒక వైరసుల కుటుంబము. అందు మానవులను ఆశ్రయించునవి 8. ఆరవదానిని రెండుగా లెక్కించినచో 9. పెదవి పొక్కులను కలిగించునది వీనిలో ఒకటి. బాల్యమున ఆటలమ్మను, వయసు మీరిన పిదప సర్పిని కలిగించునది మరియొకటి. ఈ కుటుంబమునకు ఒక విశేష లక్షణము కలదు. ఒకసారి దేహమున ప్రవేశించిన వైరసు, వ్యాధి తగ్గిన తరువాత కూడ వెడలిపోక, జీవితాంతము లోపల నిద్రించియుండును. పెదవి పొక్కుల వైరసు ముఖమునకు చెందిన నాడీగ్రంథిలో దాగియుండునని 1929లో అమెరికా శాస్త్రజ్ఞుడు గుడ్‌పాస్చర్ ప్రతిపాదించెను. 1970 దశకపు ఆరంభమున మానవ నాడీగ్రంథులనుండి దానిని వెలికితీసి నిరూపించిరి.

న్యుమోనియాను కలిగించు బాక్టీరియాలలో ముఖ్యమైనది న్యూమోకాకస్. దీనిని 1881లో ఫ్రాన్సులో పాశ్చర్, అమెరికాలో స్టెర్న్‌బర్గ్ వేర్వేరుగా కనుగొనిరి. ఆరోగ్యవంతుల ముక్కు, గొంతులలో కూడ ఇది నివసింపగలదు.

రెండు మార్గములు

మొదటి మార్గమున బాక్టీరియా వైరసును మేల్కొల్పును. న్యూమోకాకస్ ఊపిరితిత్తులను ఆక్రమించినపుడు అకస్మాత్తుగా తీవ్రజ్వరము వచ్చును. దేహబలము ఆ పోరాటమున నిమగ్నమైయుండగా, నిద్రించు వైరసు మేల్కొని, నాడి వెంబడి పెదవికి చేరి పొక్కులుగా బయటపడును. పొక్కు న్యుమోనియాకు కారణము కాదు. దాని జాడ మాత్రమే. అట్లని ప్రతి పొక్కునకు భయపడనక్కరలేదు. మామూలు జలుబు, ఎండ, అలసట వలన కూడ అది లేచును.

రెండవ మార్గమున వైరసు బాక్టీరియాకు ద్వారము తెరచును. ఆటలమ్మ పొక్కులను గోకినపుడు, స్ట్రెప్టోకాకస్, స్టెఫిలోకాకస్ అను బాక్టీరియాలు చర్మమునుండి రక్తమున చేరి, ఊపిరితిత్తులకు పోవచ్చును. ఆటలమ్మ వైరసే స్వయముగా న్యుమోనియా కలిగించుటయు కలదు. పెద్దలకు, గర్భిణులకు, పొగత్రాగువారికి ఈ ప్రమాదము హెచ్చు.

అయితే మేల్కొన్న వైరసు ఎల్లప్పుడు దోషి కాదు. కృత్రిమ శ్వాసయంత్రముపై నున్న రోగుల గొంతులో హెర్పిస్ వైరసు తరచుగా కనబడును. అట్టివారికి ఎసైక్లోవిర్ అను మందు ఇచ్చి చూడగా, యంత్రముపై నుండు దినములు తగ్గలేదని ఫ్రాన్సులో జరిపి 2020లో ప్రకటించిన పరీక్ష తెలిపినది. కొన్ని హెర్పిస్ వైరసులు నిద్రించుచున్నప్పుడు ఎలుకలకు కొన్ని బాక్టీరియాలనుండి రక్షణ నిచ్చినట్లు 2007లో కనుగొనిరి. కావున వీని సంబంధము కేవలము శత్రుత్వమో, మైత్రియో కాదు.

చరకుని దృష్టి

చరకాచార్యులు సూక్ష్మజీవులను ఎరుగరు. అయినను నిదానస్థానమున "నిదానార్థకర రోగము" అను భావమును వివరించిరి. అనగా, ఒక రోగమే మరియొక రోగమునకు కారణమగుట. పడిశెమునుండి దగ్గు, దగ్గునుండి క్షయము కలుగునని ఉదాహరణ. జ్వరమునుండి రక్తపిత్తము, రక్తపిత్తమునుండి జ్వరము పుట్టునని కూడ చెప్పిరి. ఒక రోగము రెండవదానిని పుట్టించి తాను శమించుననియు, మరియొకటి శమింపక నిలిచియుండుననియు వారి పరిశీలన. పొక్కులు మాడిన తరువాత దగ్గు మొదలైన రోగిని చూచునపుడు ఈ మాటల విలువ తెలియును.

గృహస్థులు గమనింపవలసినవి

పెదవి పొక్కుతోపాటు వణుకు, తీవ్రజ్వరము, ఊపిరి పీల్చునపుడు ప్రక్కలో పోటు, తుప్పురంగు కఫము ఉన్నచో ఆనాడే వైద్యునికి చూపవలెను.

ఆటలమ్మలో తగ్గిన జ్వరము మరల వచ్చినను, నాలుగు దినములకు మించి నిలిచినను, దగ్గు, ఆయాసము తోచినను, పొక్కు చుట్టును ఎఱ్ఱబారి వాచినను ఆలస్యము తగదు. "అమ్మవారు పోసినపుడు మందు తగదు" అను నమ్మకము ఇచ్చట ప్రాణాపాయకరము.

బిడ్డ నిదురించునపుడు ఊపిరిని ఒక నిండు నిమిషము లెక్కింపుడు. రెండు నెలలలోపు శిశువునకు 60, ఏడాదిలోపు 50, ఒకటినుండి ఐదేండ్ల వరకు 40, లేక అంతకు మించినచో న్యుమోనియాను శంకింపవలెను. పెద్దలలో 30 చేరినచో తీవ్రమని ఎరుగవలెను.

ఆటలమ్మ సోకిన బిడ్డకు గోళ్ళు కత్తిరింపవలెను. గోరువెచ్చని వేపాకు నీటి స్నానము చర్మమును శుభ్రపరచును. గంజి, మజ్జిగ, కొబ్బరినీరు ధారాళముగా ఈయవచ్చును. ఆస్పిరిన్ మాత్రము ఎన్నడును ఈయరాదు. మెదడు, కాలేయములకు ముప్పు కలదు. పెద్దలకు, గర్భిణులకు ఆటలమ్మ వచ్చినచో మొదటి దినముననే వైద్యుని చూడవలెను. వైరసు మందు అప్పుడే ఎక్కువగా పనిచేయును.

పెదవి పొక్కునకు శుభ్రమైన నేయి పలుచగా పూసిన పగుళ్ళ బాధ తగ్గును, వైరసు చావదు. పొక్కు ఉన్నవారు పసిబిడ్డలను ముద్దాడరాదు.

ఆటలమ్మకు 1974లో జపానులో తకహాషి టీకాను రూపొందించెను. న్యూమోకాకస్ టీకా మన దేశమున 2021 నుండి అన్ని రాష్ట్రములలో శిశువులకు ఉచితముగా లభించుచున్నది. వీనిని వేయించుట పథ్యము పాటించుట వంటిదే.

మా గురువుగారికి వైరసు పేరు తెలియదు. అయినను పెదవిని చూచిన వెంటనే వీపునకు చెవి ఆనించిరి. పైకి కనబడిన దానితో తృప్తిపడక లోపలి దానిని వెదకుటయే వైద్యము. గృహిణులును ఆ అలవాటు చేసికొందురుగాక.